దొడ్డి ముందర గీసిన గీతలు

నాలుగో తరగతి లెక్కల పుస్తకంలో ఆపిల్, ద్రాక్ష, కమలా, అరటి బొమ్మలతో ఒక పాఠం ఉండేది. ఏ పండు ఎంతమందికి ఇష్టమో పిల్లలను అడిగి, పండు పేరు ఎదురుగా మనిషికొక గీత గీసి, పట్టిక తయారు చేయాలి. హేమావతి పుస్తకంలో ఉన్నట్టే అడిగింది. ఆపిల్ ఎవరికిష్టం అంటే అందరూ చేతులెత్తారు. సరే, అరటిపండు ఎవరికి అంటే మళ్ళీ అందరూ ఎత్తారు. ద్రాక్షకూ అంతే.

"ఒక్కదానికే ఎత్తాలప్పా! అన్నిటికీ ఎత్తితే పట్టిక ఎట్ల వస్తాది?" అంది హేమావతి.

"ఏదిస్తే అది తింటాం మేడం. ఆపిల్ మేమెప్పుడు తింటిమి, ఇష్టమో కాదో చెప్పేకి?" అంది ముందు వరసలోని ఈశ్వరి.

తరగతంతా నవ్వింది. హేమావతి కూడా నవ్వింది. నవ్వింది గానీ, ఆ పిల్ల అన్నదాంట్లో తప్పేముంది? వరసగా కరువులు పడిన ఊరు. శింగనమల చెరువు దాటి గుట్టల కిందికి పోతే వస్తుంది. శనక్కాయ వేసినవాళ్ళకు విత్తనం కూడా తిరిగి రాలేదు. సగం ఇండ్లకు తాళాలు. ఈశ్వరి అమ్మానాయన కూడా బెంగుళూరులో కట్టడాల పనికి పోయి, పిల్లను అవ్వాతాతల దగ్గర వదిలిపెట్టారు. ఆ పిల్లకు ఆపిల్ సంగతి అడిగితే ఏం చెబుతుంది?

హేమావతిది బత్తలపల్లె. వాళ్ళ నాయన దర్జీ. టేపు పెట్టి కొలవకుండా గుడ్డకు కత్తెర పెట్టని ఇల్లు. ఆ ఇంట్లో పెరిగిన పిల్ల కాబట్టి ఏదైనా లెక్కపెట్టి చూస్తేనే దాని నిజం తెలుస్తుందని గట్టిగా నమ్మేది. విద్యా వాలంటీరుగా ఈ ఊరి బడికి వచ్చి, శింగనమలలో ఒక గది అద్దెకు తీసుకుని, రోజూ ఆటోలో రోడ్డు దాకా వచ్చి అక్కడినుంచి నడిచేది.

పుస్తకం మూసి పిల్లలతో చెప్పింది: "పండ్లు వద్దులే. మన ఊర్లో ఏముండాయో అవే లెక్కపెడదాం. కోళ్ళు ఒకరు, వేపచెట్లు ఒకరు, ఎండిపోయిన బోర్లు ఒకరు. ఒక్కోదానికి ఒక్కో నిలువు గీత. నాలుగు గీతలైనాక అయిదోది అడ్డంగా కొట్టాలి."

"పుల్లల మోపు కట్టినట్టు!" అన్నారు పిల్లలు. ఆనాటినుంచి దాని పేరు మోపు.

"ఒక మాట గుర్తు పెట్టుకోండి. కండ్లతో చూసిందే గీయాలి. చూడనిది గీయకూడదు."

గొర్రెల పని ఈశ్వరి తీసుకుంది. గొర్రెలు కాసే లింగప్ప మనవరాలు కదా, నడక రాకముందే గొర్రెల మధ్య పాకిన పిల్ల. బయటికి పోతూ పోతూ గడప దగ్గర ఆగింది.

"మేడం, గీతలే కదా? నోటితో ఎన్నని చెప్పే పని లేదు కదా?"

"గీతలే. నోటితో ఎందుకు?" అంది హేమావతి, వేరే పిల్లవాడి పలక దిద్దుతూ. ఆ పిల్ల ఏం అడిగిందో, ఎందుకడిగిందో ఆమె పట్టించుకోలేదు. పట్టించుకుని ఉంటే ఈ కథే లేదు.

తెల్లారి మందలు మేతకు పోయే వేళ ఈశ్వరి పలక పట్టుకుని ఒక్కో దొడ్డి దగ్గరా నిలబడింది. ముళ్ళకంప పక్కకు లాగగానే గొర్రెలు ఒకదానిమీద ఒకటి పడి దూకుతూ వస్తాయి. ఈ పిల్ల ఒక్కదాన్ని కూడా తప్పిపోనివ్వకుండా గీతలు కొట్టింది. బడికి వచ్చి పలక ఇచ్చింది. మోపులు, మోపులు, మోపులు.

హేమావతికి ఎంత సంతోషమంటే, పిల్లలందరినీ లేపి నిలబెట్టి ఆ మోపులు గట్టిగా లెక్కపెట్టించింది. "అయిదు! పది! పదిహేను!" అని పిల్లలు పాట పాడినట్టు అరిచారు. బడి వెనక కొళాయి దగ్గర బిందెలు పెట్టుకున్న ఆడవాళ్ళు ఆ పాట విని ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. ఈశ్వరి ఒక్కతే నోరు విప్పలేదు. హేమావతి చార్టు మీద రంగన్న, లింగప్ప, బసప్ప అని కాపర్ల పేర్లు రాసి, ఎదురుగా అంకెలు వేసి గోడకు అంటించింది. ఎవరికి ఎన్నో ఇక్కడ చెప్పడం దేనికిలే.

ఆ ప్రాంతపు గొర్రెలకాపరి తన మంద ఎంతో నోటితో చెప్పడు. అడిగితే "ఉండాయిలేప్పా నాలుగు" అంటాడు. కొండంత మంద ఉన్నా నాలుగే, ఆరిపోయిన దొడ్డిలో మిగిలినవైనా నాలుగే. లెక్కపెట్టి అంకె పైకి అంటే మందకు కీడని వాళ్ళ తాతల కాలంనుంచి ఉన్న భయం. బత్తలపల్లె దర్జీ కూతురికి ఇది ఎవరు చెప్పాలి?

కార్తీకంలో, ఎవరూ అనుకోని వేళ, ముసురు పట్టింది. పంటలకు రాని వాన పంటలు పోయినాక వచ్చింది. వంకలు పారాయి, ఊరి కింది బయలంతా బురద. ముసురు తెరిపిచ్చిన కొన్నాళ్ళకు రంగన్న దొడ్డిలో ఒక పొట్టేలు మూతి వాచి, చొంగ కార్చుకుంటూ కుంటింది. తరువాత బసప్ప దొడ్డి. తరువాత లింగప్పది. కాళ్ళమీద నిలబడలేక, గడ్డి నోట పెట్టలేక గొర్రెలు పడిపోసాగాయి. పశువుల డాక్టరు వచ్చి చూసి, వాన బురదలో పుట్టే చిన్న దోమలు కుట్టి వచ్చే రోగమని చెప్పి, సూదులు వేసి పోయాడు. పడేవి పడుతూనే ఉన్నాయి.

ఒకరోజు బడి మధ్యలో రంగన్న లోపలికి వచ్చాడు. చెప్పులు గడప బయటే విడిచి వచ్చాడు, అంత కోపంలోనూ.

"ఏమ్మా టీచరమ్మా, మా గొర్రెల్ని మేమే ఎప్పుడూ లెక్కపెట్టుకోలేదు. మీరెవరమ్మా లెక్కపెట్టేకి?"

"ఎన్నుండాయో తెలీకుండా ఎట్ల కాస్తారన్నా?" అని అడిగింది హేమావతి. నిజంగానే అడిగింది.

"మొగాలు తెలుసు కదమ్మా! నీ బడికి ఒక పిల్లోడు రాకుంటే నీకు తెలీదా? నీకు పుస్తకంలో పేరు కావాల్నేమో, నాకు వద్దు. ఇప్పుడు చూడు, నా దొడ్లో సగం మొగాలు ల్యా."

"డాక్టరు చెప్పినాడు కదన్నా, దోమలవల్ల అని..."

"ఆ దోమలకు నీ కాగితం చదివేకి వచ్చునేమో మరి!" రంగన్న గోడ దగ్గరికి పోయాడు. "దీంట్లో ఆదెన్న పేరుండాదా?"

హేమావతి చూసింది. లేదు. పిల్లలు లెక్కపెట్టిన నాడు ఆదెన్న మంద ఊర్లో లేదు. మేత వెతుక్కుంటూ విడపనకల్లు దాటి కర్ణాటక వైపు పోయి, మొన్ననే తిరిగి వచ్చింది.

"ఆదెన్న దొడ్లో ఒక్కదాని మూతైనా వాచిందా? ల్యా. లెక్కపెట్టినోళ్ళ దొడ్లు ఆరిపోయినాయి, పెట్టనోని దొడ్డి నిండుగా ఉండాది. నువ్వే కదమ్మా పిల్లోళ్ళకు నేర్పిస్తివి, పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి తెలుస్తాదని? పెట్టి చూడు. నేనే తప్పైతే చెప్పు."

ఆదెన్న మంద ఆ ముసురులో ఈ బురదలో లేదు కాబట్టి బతికిందని ఆమెకు తోచింది. కానీ రంగన్న చెప్పిన రెండు వరసలూ చెప్పినట్టే ఉన్నాయి, ఆమె నేర్పిన పద్ధతిలోనే ఉన్నాయి. ఆమె నోరు తెరిచేలోపు రంగన్న చార్టు పీకి, చుట్ట చుట్టి, చంకలో పెట్టుకుని పోయాడు. పొయ్యిలో పెట్టాడని తరువాత విన్నారు. పోతూ పోతూ ఈశ్వరి వైపు చూశాడు. మరుసటి రోజు ఈశ్వరి బడికి రాలేదు.

ఆ మరుసటి రోజూ రాలేదు. పిల్లల ద్వారా మాటలు మాత్రం వచ్చాయి. ఈశ్వరి ఎదురైతే ఆడవాళ్ళు మేకపిల్లలకు గంప బోర్లిస్తున్నారట. ఆ పిల్ల వేలు చూపిస్తే పచ్చని చెట్టు కూడా ఎండుతుందట. సోమవారం పత్తి తీసే పనికి విడపనకల్లు పక్కకు కూలీల జీపు పోతుంది, చిన్నమ్మతో ఈశ్వరిని దాంట్లో పంపేస్తారట. పత్తి పనికి పోయిన పిల్లలు మళ్ళీ బడిగడప తొక్కడం హేమావతి చూడలేదు.

ఆ సాయంత్రమే లింగప్ప ఇంటికి పోయింది. ఈశ్వరి అవ్వ తిమ్మక్క వసారాలో కంది చెరుగుతూ ఉంది. హేమావతిని చూసి చేట పక్కన పెట్టింది.

"రామ్మా, కూర్చో. మంచినీళ్ళు తాగు ముందు. తిట్టేది తర్వాత తిడతా."

హేమావతి నీళ్ళు తాగింది. "తిట్టు అవ్వా. తప్పు నాది. పిల్లను బడి మాన్పించొద్దు."

"నేనేం దాని మీద కోపంతో పంపిస్తాండానా? ఊరంతా దాన్ని దయ్యాన్ని చూసినట్టు చూస్తాంటే ఎట్ల పెట్టుకోవాల? నిన్న కొళాయి కాడ బిందె పెడితే, పెట్టిన బిందె ఎత్తి పక్కన పెట్టినారు. అది నవ్వుతా ఇంటికొచ్చింది. నవ్వుతా వచ్చిందమ్మా! ఏడిస్తే నేను ఓదార్చుదును." తిమ్మక్క చేట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. "పత్తి చేన్లో దాని వేలు ఎవురికీ భయం ఉండదు."

ఈశ్వరి గుడిసె మూలలో ఒక జబ్బు గొర్రె మూతి దగ్గర రాగి గంజి గిన్నె పట్టుకుని కూర్చుని ఉంది. టీచరును చూసి లేచింది గానీ దగ్గరికి రాలేదు.

"మేడం, నువ్వే చెప్పినావు గీతలే అని," అంది.

అంతకంటే పెద్ద తిట్టు ఆ ఊర్లో ఎవరూ ఆమెను తిట్టలేదు.

ఆదివారం హేమావతి చుట్టుపక్కల ఊర్లు తిరిగింది. ఈసారి ఎన్ని అని ఎవరినీ అడగలేదు. మూతి వాపు వచ్చిందా, ముసురులో మంద యాడుండె అని మాత్రం అడిగింది. అది అడిగితే కాపర్లు కూర్చోబెట్టి మరీ చెప్పారు, కండ్లనీళ్ళు పెట్టుకుని చెప్పారు. ఎవరూ లెక్కపెట్టని ఊర్లు అవన్నీ. అయినా బయలులో ఉన్న మందలన్నిటికీ రోగం వచ్చింది, గుట్టమీద ఉన్నవాటికి దాదాపు రాలేదు. సాయంత్రానికి పట్టిక రాసుకుని, లింగప్ప వాకిట్లో కూడిన మనుషులకు చదివి వినిపించింది.

రంగన్న చివరిదాకా విన్నాడు. "బాగుండాదమ్మా. ఆ ఊర్ల పాపం ఆ ఊర్లది. మా ఊర్లో పాపం ఏందో మాకు తెలుసు."

"ఇంకా నయం, ముసురు కూడా బడి కాడ్నుంచే లేచిందని అన్ల్యా!" అని తిమ్మక్క చేట విసిరికొట్టింది. "రంగన్నా, నీ పొట్టేలుకు పుట్టినప్పట్నుంచి కుంటే కదరా!"

"ఊరుకో అక్కా. నీ మనవరాలని నువ్వు చెప్తాండావు. రేపు నీ దొడ్లో మిగిలినవి కూడా పోతే ఎవురిననుకుంటావు?"

అప్పటిదాకా గోడకు ఆనుకుని కూర్చున్న లింగప్ప లేచాడు. మాట తక్కువ మనిషి. మందతో మాట్లాడినంత మనుషులతో మాట్లాడడు.

"రేపొద్దున నా దొడ్డి ముందర అందరూ రాండి. మిగిలినవాటిని నా మనవరాలు మళ్ళా లెక్కపెడతాది. టీచరమ్మ దాన్ని బడి గోడకు రాస్తాది. అమాసదాకా చూస్తాం. ఒక్కటి పోయినా, పాపను నేనే జీపెక్కిస్తా. పోకుంటే అది బడికి పోతాది. దాన్ని అన్న నోళ్ళు మూసుకోవాల."

రోగం ఇంకా పోలేదని డాక్టరు చెప్పాడు. లెక్కపెట్టినా పెట్టకపోయినా ఒకటో రెండో పడతాయి. లెక్కతో కీడు లేదని ఇంతసేపూ వాదించిన హేమావతే ఇప్పుడు గబగబా అతని దగ్గరికి పోయింది.

"వద్దు తాతా. లెక్కపెట్టొద్దు."

లింగప్ప ఆమెను వింతగా చూశాడు. "నీక్కూడా భయమేనామ్మా?"

"అది కాదు తాతా. జబ్బుతో ఏదన్నా పోతే..."

"పోతే పోతాది. పందెం కట్టకుంటే రేపు జీపు ఖాయం కదా." తరువాత గొంతు తగ్గించి చెప్పాడు: "ఆ పొద్దు అది గీతలు కొడతాంటే నేను చూసినా. చూసి కూడా అడ్డం పోలేదు. అవి అట్ల పడి దూకుతాంటే నా కండ్లే తప్పుతాయి, దానికి ఒక్కటి తప్పలేదు. దాని నాయన ఇటుకలు మోస్తాండాడు, నేను గొర్రెలెంబడి పోయినా. మా ఇంట్లో ఇట్లాంటి చెయ్యి ఎవురికీ ల్యామ్మా. దాన్ని పత్తి చేన్లో పెట్టమంటావా?"

తెల్లారి ఊరు ఊరంతా దొడ్డి ముందర నిలబడింది. ఈశ్వరి పలక, బలపం పట్టుకుని దొడ్డి పక్కన నిలబడింది. లింగప్ప ముళ్ళకంప లాగాడు. వెనకటి మాదిరి దూకి రాలేదు పాపం, మెల్లగా, నీరసంగా ఒక్కొక్కటే నడిచి వచ్చాయి. గీత, గీత, గీత. ఆఖరున మూతి కొస తెల్లగా ఉన్న ఒక బొల్లి గొర్రెపిల్ల లోపలే నిలబడిపోయింది. తల్లి అంతకు ముందే చచ్చింది. ఈశ్వరి లోపలికి పోయి దాన్ని ఎత్తుకుని వచ్చి, దానికోసం ఆఖరి అడ్డగీత కొట్టింది. సరిగ్గా మోపు కట్టుకుంది. ఈశ్వరి మొగంలో అన్నాళ్ళకు ఒక వెలుగు కనబడింది.

జీపు ఈశ్వరి లేకుండా పోయింది. హేమావతి కొత్త చార్టు మీద లింగప్ప పేరు, ఎదురుగా ఒక అంకె రాసి గోడకు అంటించింది. అంత పెద్ద చార్టు మీద అదొక్కటే వరస.

ఆ రోజులు ఎట్ల గడిచాయో హేమావతికే తెలుసు. ప్రతి ఉదయం ఆటో దిగి నడిచి, ఊర్లోకి రాగానే మొదట లింగప్ప దొడ్డి వైపు చూసేది. కొళాయి దగ్గర రంగన్న రోజూ కాచుకుని అడిగేవాడు:

"ఏం మామా, అన్నీ ఉండాయా?"

"ఉండాయిలేప్పా నాలుగు," అనేవాడు లింగప్ప.

అంతే. అంతకు మించి ఎవరూ అడగరు. దొడ్డిలోకి తొంగిచూసి లెక్కపెట్టే ధైర్యం ఆ ఊర్లో ఎవరికుంది?

అమావాస్య దగ్గర పడింది. ఒక ఉదయం మంచు పట్టి ఉంటే, హేమావతి దారి దగ్గరని వంక పక్కగా నడిచింది. తుమ్మచెట్ల కింద ఎవరో వంగి ఉన్నారు. లింగప్ప. పార పక్కన పెట్టి, కొత్తగా పూడ్చిన మట్టిమీద కుక్కలు తవ్వకుండా ముళ్ళకంప సర్దుతున్నాడు. కంప కింద మట్టిలోంచి చిన్న తెల్లటి మూతి కొస కనబడుతూ ఉంది. అతను దానిమీద ఇంకొంత మట్టి తోసి, అప్పుడు తలెత్తి ఆమెను చూశాడు.

"తల్లి పాలు ల్యా దానికి," అన్నాడు లింగప్ప. "రోగం గూడా కాదు. ఆకలి."

"ఈశ్వరికి తెలుసా తాతా?"

"నిద్రపోతాంటే ఎత్తుకొచ్చినా." పార భుజాన వేసుకున్నాడు. "నీ గోడమీదది నువ్వు చూసుకోమ్మా. నా దొడ్డిది నేను చూసుకుంటా."

అమావాస్య పోయింది. రంగన్న కొళాయి దగ్గర ఆఖరిసారి అడిగాడు, లింగప్ప ఆఖరిసారి నాలుగన్నాడు. తిమ్మక్క ఈశ్వరికి తలంటి, నూనె కారేలా జడ వేసి బడికి పంపింది. వీధిలో ఒకామె ఆ పిల్లను పిలిచి గుప్పెడు ఉడకేసిన అలసందలు పెట్టింది. రంగన్న కూడా, "ఏం పాపా, బడికా?" అన్నాడట. ఇంకొకామె మాత్రం మేకపిల్లను లోపలికి లాక్కుంది.

ఆ రోజు హేమావతి వానల పాఠం మొదలుపెట్టింది. ఏ నెలలో ఎన్ని రోజులు వాన పడిందో పెద్దవాళ్ళను అడిగి పట్టిక వేయాలి. పిల్లలు పలకలమీద గళ్ళు గీస్తుంటే వరసల మధ్య నడిచి చూస్తూ, ఈశ్వరి దగ్గర ఆగింది.

ఆ పిల్ల పలకమీద వానల గళ్ళు లేవు. మోపులున్నాయి. పక్కపక్కనే, పొందికగా, దొడ్డి ముందర ఆ రోజు గీసినట్టే. ఆఖరు మోపులో మాత్రం నాలుగు నిలువు గీతలే. అడ్డగీత లేదు. బలపం దాని పక్కనే పట్టుకుని ఉంది.

"మేడం," అంది మెల్లగా, పక్కవాళ్ళకు వినపడకుండా, "మోపు కట్టాల్నా, వద్దా?"

కండ్లతో చూసిందే గీయాలి అని చెప్పిన మనిషి హేమావతే. కిటికీ అవతల కొళాయి దగ్గర రంగన్న గొంతు వినబడుతూ ఉంది. ఎదురుగా గోడమీద లింగప్ప పేరు, దాని పక్కన తాను స్వయంగా, గుండ్రంగా, వేసిన అంకె.

ఆమె ఈశ్వరి పక్కన కింద కూర్చుంది. పైట కొంగు తీసి పలక మొత్తం తుడిచింది, ఒక్క మోపు కూడా మిగలకుండా.

"వానలు గీద్దాం పాపా," అంది. "ముందు మీ అవ్వను అడిగినావా, కార్తీకంలో ఎన్ని రోజులు పడిందో?"

ఈశ్వరి ఆమె మొగంలోకి కొంతసేపు చూసింది. తలవంచి, ఖాళీ పలకమీద మొదటి గడి గీయడం మొదలుపెట్టింది.